గెలిచాక ఎవరిని పిలుస్తారు?



ఆట ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ముగియాలో నిబంధనలు చెబుతాయి. ఆఖరి వికెట్ పడితే క్రికెట్ అయిపోయింది, ఆఖరి విజిల్ మోగితే ఫుట్‌బాల్ అయిపోయింది. ఆ తర్వాత గెలిచినవాళ్లు ఎవరిని కౌగిలించుకోవాలి, ఎవరిని ఎత్తుకోవాలి, కప్పు ఎవరి చేతికి ఇవ్వాలి అన్నది ఆట నిబంధనల్లో ఎక్కడా ఉండదు. అయినా ఆ అరగంటలో జరిగేదాన్ని శ్రద్ధగా గమనిస్తే అది కేవలం గంతులూ కేకలూ కాదని తెలుస్తుంది. దానికో వరస ఉంటుంది. ముందు ఎవరి దగ్గరికి పరుగెత్తారు, వేదిక మీదకి ఎవరిని లాక్కొచ్చారు, ఫొటోలో మధ్యన ఎవరు నిలబడ్డారు, అంచుకి ఎవరు జరిగారు, ఇవన్నీ ఎవరో ఒకరు నిర్ణయించిన విషయాలే. జట్ల విజయోత్సవాలను మనం సంతోషం కింద జమకట్టి వదిలేస్తాం. నా అభిప్రాయంలో అది సగం మాట. సంతోషం ఉంటుంది, అది దానంతట అదే పొంగుతుంది. ఆచారంగా మారేది మాత్రం మరొకటి. ఈ గెలుపులో ఎవరెవరికి వాటా ఉందో జట్టు అందరి ముందూ ప్రకటించడం. స్కోరుకార్డు లెక్కలోకి తీసుకోనివాళ్లను లెక్కలోకి తెచ్చే పని అది. పెళ్లిలో పీటల దగ్గరికి ఎవరిని పిలిచారన్నదాన్ని బట్టి ఆ ఇంట్లో ఎవరికి ఎంత చనువుందో తెలిసిపోయినట్టు, గెలిచిన జట్టు ఎవరిని పిలిచిందన్నదాన్ని బట్టి ఆ జట్టు తనను తాను ఏమనుకుంటోందో తెలిసిపోతుంది.

2025 నవంబరు 2 రాత్రి నవీ ముంబైలోని డీవై పాటిల్ స్టేడియంలో భారత మహిళల జట్టు మొదటిసారి వన్డే ప్రపంచ కప్ గెలిచింది. దక్షిణాఫ్రికా మీద 52 పరుగుల విజయం. ఆఖరి క్యాచ్ కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్ చేతుల్లోనే పడింది. కప్పు అందుకున్న తర్వాత ఆ అమ్మాయిలు చేసిన పని చూడండి. మైదానంలో ఉన్న ఝులన్ గోస్వామి, మిథాలీ రాజ్, అంజుమ్ చోప్రాల దగ్గరికి వెళ్లి కప్పును వాళ్ల చేతుల్లో పెట్టారు. ఆ ముగ్గురిలో ఎవరూ ఆ టోర్నీలో ఒక్క బంతి ఆడలేదు. కానీ 2005లో సెంచూరియన్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఫైనల్ ఓడిపోయింది వాళ్లు. 2017లో లార్డ్స్‌లో తొమ్మిది పరుగుల దూరంలో కప్పు జారిపోయినప్పుడు మైదానంలో ఉన్నది మిథాలీ, ఝులన్. మన సికిందరాబాద్‌లో ఆట నేర్చుకున్న మిథాలీ ఆ రెండు ఫైనల్స్‌లోనూ కెప్టెన్. మహిళల క్రికెట్‌ను బీసీసీఐ తన చేతిలోకి తీసుకున్నది 2006లో. అంతకుముందు రిజర్వేషన్ లేని రైలు పెట్టెల్లో ప్రయాణించి, డార్మిటరీల్లో పడుకుని దేశం తరఫున ఆడిన తరం అది. 2022లో న్యూజిలాండ్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో మన జట్టు సెమీఫైనల్ కూడా చేరలేకపోయినప్పుడు, ఎప్పటికైనా కప్పు గెలిచి తన చేతికిస్తామని హర్మన్‌ప్రీత్, స్మృతి మంధాన మాట ఇచ్చారని ఝులనే చెప్పింది. అంటే ఆ రాత్రి మనం చూసింది అప్పటికప్పుడు పుట్టిన ఉద్వేగం కాదు. మూడేళ్ల నాటి మాట చెల్లించడం.

అదే రాత్రి ఇంకో దృశ్యం ఉంది. నా వాదనకు అంతకంటే గట్టి ఆధారం అదే. ఓపెనర్ ప్రతీకా రావల్ ఆ టోర్నీలో 308 పరుగులు చేసింది. బంగ్లాదేశ్‌తో మ్యాచ్‌లో ఫీల్డింగ్ చేస్తూ గాయపడి జట్టుకు దూరమైంది. ఆమె స్థానంలో వచ్చిన షెఫాలీ వర్మ ఫైనల్‌లో 87 పరుగులు చేసి, రెండు వికెట్లు తీసి, ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్ అయింది. కాగితం ప్రకారం ప్రతీక అప్పటికి జట్టు సభ్యురాలు కాదు. ఆమె మెడలో ఆ రాత్రి పతకం పడలేదు. కానీ వీల్‌చైర్‌లో ఆమెను మైదానంలోకి తీసుకొచ్చారు, సంబరాల మధ్యలోకి తీసుకొచ్చారు. ఇప్పుడు 1966కి వెళదాం. ఆ ఏడాది జూలై 30న వెంబ్లీలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గెలిచింది. ఆ జట్టులో గోల్స్ కొట్టడంలో పేరుమోసిన ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్. ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో కాలికి గాయమైంది. అతని స్థానంలో వచ్చిన జెఫ్ హర్స్ట్ ఫైనల్‌లో మూడు గోల్స్ కొట్టి చరిత్రలో నిలిచిపోయాడు. అప్పటి నియమం ప్రకారం ఫైనల్లో ఆడిన పదకొండుమందికే పతకాలు. గ్రీవ్స్‌కు లేదు, బెంచీ మీద కూర్చున్న మిగతావాళ్లకు లేదు, జట్టును తీర్చిదిద్దిన ఆల్ఫ్ రామ్సేకూ లేదు. గ్రీవ్స్ చేతికి ఆ పతకం వచ్చింది 2009లో, నలభై మూడేళ్ల తర్వాత. రెండు కథలూ దాదాపు ఒకటే. గాయం, బదులు వచ్చినవారి మెరుపు, కప్పు. నియమం రెండుచోట్లా ఒకేలా ప్రవర్తించింది. నవీ ముంబైలో మాత్రం ఆచారం నియమాన్ని దాటి ముందుకొచ్చింది. అధికారులు పతకం గురించి ఆలోచించే లోపే తోటి ఆటగాళ్లు ఆమె స్థానం ఏమిటో ప్రపంచానికి చెప్పేశారు.

ఈ తేడా బోధపడ్డాక మనకు బాగా తెలిసిన దృశ్యాలు కూడా కొత్తగా కనిపిస్తాయి. 2011 ఏప్రిల్ 2న వాంఖడేలో శ్రీలంకతో ఫైనల్. గంభీర్ 97, ధోనీ 91 నాటౌట్. టోర్నీలో ఉత్తమ ఆటగాడు యువరాజ్ సింగ్. ఆ రోజు టెండూల్కర్ చేసింది 18 పరుగులు. స్కోరుకార్డును అడిగితే భుజాల మీద ఊరేగవలసింది అతను కాదు. అయినా జట్టు ఎత్తుకున్నది అతన్నే. ఇరవై ఒక్క ఏళ్లు దేశం భారం మోసినవాణ్ణి మేం ఒక్కరాత్రి మోయడంలో వింతేముందన్న అర్థంలో కోహ్లీ చెప్పిన మాట ఆ రాత్రికి సరైన వ్యాఖ్యానం. మోయడం అనే పనికి మన సాహిత్యంలో ఎంత బరువుందో గుర్తు చేసుకోండి. కృష్ణదేవరాయలు పోయిన తర్వాత అల్లసాని పెద్దన చెప్పిన పద్యంలో, రాజు తనకు చేసిన గౌరవాల్లో మడులూ మాన్యాల కంటే ముందు నిలిచేవి రెండు మూడు చేతలు. ఎదురుపడితే ఏనుగునాపి చెయ్యందించి ఎక్కించుకోవడం, పల్లకీకి తానే చెయ్యి వేసి ఎత్తడం, కాలికి గండపెండేరం తానే తొడగడం. ఇచ్చినవాడు ఆ క్షణంలో తన ఎత్తును వదులుకున్నాడు, అందుకే ఆ గౌరవం శతాబ్దాలు నిలిచింది. 2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ప్రపంచ కప్ గెలిచినప్పుడు కోహ్లీ పిలిచి రాహుల్ ద్రావిడ్ చేతిలో కప్పు పెడితే, ఏనాడూ గొంతు పెంచని ఆ మనిషి గర్జించినంత పని చేశాడు. 2007లో అదే కరీబియన్ దీవుల్లో, ద్రావిడ్ కెప్టెన్సీలోనే మన జట్టు వన్డే ప్రపంచ కప్ మొదటి దశలోనే ఇంటిముఖం పట్టింది. భారత జట్టు కోచ్‌గా అతనికి బార్బడోస్ మ్యాచే ఆఖరిది. ఆ కప్పు చేతికివ్వడంలో పదిహేడేళ్ల చరిత్ర ఉంది. అది తెలిసినవాళ్లు దగ్గరుండి ఆ పని చేశారు.

దీనికి మొదటి అభ్యంతరం ఊహించగలను. ఆటగాళ్లు అంత ఆలోచిస్తారా, మీరు లేని అర్థాలు అంటగడుతున్నారు అనవచ్చు. ఆ క్షణంలో ఆలోచించరు, నిజమే. కానీ ఆచారం ఉన్నదే అందుకు. ముందే ఆలోచించి పెట్టుకున్నదాన్ని ఆలోచించలేని క్షణంలో చేయించడం దాని పని. మన మహిళల జట్టుకు సొంతంగా ఒక పాట ఉంది. ప్రపంచ కప్ గెలిచేవరకు దాన్ని బయటపెట్టకూడదని నాలుగేళ్ల కిందటే అనుకున్నామని జెమీమా రోడ్రిగ్స్ ఆ రాత్రే చెప్పింది. నాలుగేళ్లు ఒక పాటను దాచుకున్నవాళ్లు అర్థం ఆలోచించలేదని ఎలా అంటాం?

రెండో అభ్యంతరం మరింత బలమైనది. ఈ సంప్రదాయాల్లో చాలా భాగం కెమెరా కోసం, అమ్మకం కోసం పుట్టినవే కదా? చాలావరకు ఒప్పుకోవలసిందే. కప్పును రెండు చేతులతో తలపైకి ఎత్తడం అనాదిగా ఉన్నదని మనకు అనిపిస్తుంది. కానీ దాన్ని లోకానికి అలవాటు చేసింది 1958లో స్వీడన్‌లో బ్రెజిల్ ఫుట్‌బాల్ కెప్టెన్ బెల్లిని. కప్పు సరిగ్గా కనిపించడం లేదని ఫొటోగ్రాఫర్లు కేకలేస్తే పైకెత్తి చూపించాడంటారు. షాంపేన్ చిమ్మడం 1967 లె మాన్స్ కారు పందెంలో గెలిచిన డాన్ గర్నీతో ఆచారంగా స్థిరపడింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో గెలిచిన కోచ్ నెత్తిన చల్లటి పానీయం పెద్ద డబ్బాతో సహా కుమ్మరించే అలవాటుంది. అది 1980ల మధ్యలో న్యూయార్క్ జెయింట్స్ జట్టుతో ప్రసిద్ధమైంది, ఆ పానీయం తయారుచేసే కంపెనీకి అంతకు మించిన ప్రచారం ఎప్పుడూ దొరికి ఉండదు. ఇవన్నీ నిజాలే. కానీ పుట్టుక ఒకటి, బతుకు ఒకటి. బెల్లిని ఫొటోగ్రాఫర్ల కోసం ఎత్తి ఉండవచ్చు. తర్వాత అదే పని చేసిన ప్రతి కెప్టెనూ గ్యాలరీలో ఆఖరి వరసలో ఉన్న మనిషికి కూడా కనబడాలని ఎత్తాడు. దూరంగా ఉన్నవాడికి చూపించడంలో ఆ చేతకు కొత్త అర్థం వచ్చింది. ఆ జట్టులో కోచ్ మీద పానీయం కుమ్మరించిన మొదటి ఆటగాడు జిమ్ బర్ట్ ఆ వారమంతా కోచ్ బిల్ పార్సెల్స్ చేతిలో నానా పాట్లూ పడ్డవాడు. కఠినమైన యజమానిని గెలిచిన రోజున తడిపి ముద్ద చేయగల చనువు, దాన్ని నవ్వుతూ భరించగల పెద్దరికం, ఆ రెండూ కంపెనీ డబ్బుతో కొనగలిగేవి కావు. అందుకే అది నిలిచింది. వ్యాపారం తయారుచేసిన వేడుకలు వందల కొద్దీ వచ్చిపోతుంటాయి, ఆటగాళ్ల మధ్య నిజంగా ఉన్న ఏదో ఒక సంబంధాన్ని చెప్పగలిగినవే మిగులుతాయి. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో గెలిచిన జట్టు నిచ్చెన వేసుకుని బుట్ట వల కోస్తుంది. ఇండియానా హైస్కూళ్లలో ఉన్న ఆ అలవాటును 1947లో నార్త్ కరోలినా స్టేట్‌కు తెచ్చినవాడు కోచ్ ఎవరెట్ కేస్. ఒక్కొక్కరూ నిచ్చెనెక్కి ఒక్కొక్క పోగు కత్తిరించుకుంటారు, మొత్తం సీజన్ బెంచీ మీద కూర్చున్న కుర్రవాడితో సహా. మిగిలిన వల కోచ్‌ది. కప్పు ఒక్కటే ఉంటుంది, ముక్కలు చెయ్యలేరు. వలను ముక్కలు చెయ్యవచ్చు. ఆ ఉపాయం కనిపెట్టినవాడికి జట్టు అంటే ఏమిటో బాగా తెలుసు.

షాంపేన్ విషయం దగ్గర ఇంకాస్త ఆగాలి. ఆచారం ఎవరినైనా బయటికి నెట్టేస్తుంటే ఏం చేయాలన్న ప్రశ్న అక్కడే తేలింది. 2019లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ ప్రపంచ కప్ గెలిచినప్పుడు షాంపేన్ చిమ్మే సమయానికి మొయిన్ అలీ, ఆదిల్ రషీద్ వేదిక మీద నుంచి పక్కకు పరుగెత్తారు. మద్యం ముట్టని ముస్లింలు కనుక. తమ గెలుపు వేడుక నుంచి తామే తప్పుకోవలసిన పరిస్థితి అది. 2022 జనవరిలో హోబర్ట్‌లో ఆస్ట్రేలియా యాషెస్ సిరీస్‌ను 4-0తో ముగించినప్పుడు ఉస్మాన్ ఖవాజా కూడా అలాగే కిందకు దిగి నిలబడ్డాడు. కెప్టెన్ పాట్ కమిన్స్ అది గమనించాడు. సీసాలు పక్కన పెట్టమని తోటివాళ్లకు చెప్పి, ఖవాజాను పైకి పిలిచాడు. సంప్రదాయాన్ని మార్చడమంటే దాన్ని చెడగొట్టడమని వాదించేవాళ్లుంటారు. అక్కడ జరిగింది చూస్తే వ్యవహారం తిరగబడుతుంది. సంప్రదాయం దేనికోసం ఉందో అది చెయ్యాలంటే సీసా దిగాలి, మనిషి ఎక్కాలి. కమిన్స్ ఎంచుకున్నది సంప్రదాయం వైపే.

ఇంతవరకు చెప్పినవన్నీ నలుగురి ముందు జరిగేవి. తలుపు వేసుకుని చేసుకునేవి కూడా ఉన్నాయి, వాటికి కెమెరా వాదన వర్తించదు. ఆస్ట్రేలియా టెస్టు జట్టు గెలిచిన ప్రతిసారీ డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక పాట పాడుతుంది. 1970లలో వికెట్ కీపర్ రాడ్ మార్ష్ మొదలుపెట్టాడు. ఎప్పుడు పాడాలి, ఎక్కడ పాడాలి అన్నది ఒక్కరి చేతిలో ఉంటుంది. అతను పిలిచేదాకా అందరూ ఆగుతారు. ఆ బాధ్యత మార్ష్ నుంచి అలన్ బోర్డర్, డేవిడ్ బూన్, ఇయాన్ హీలీ, రికీ పాంటింగ్, జస్టిన్ లాంగర్, మైకేల్ హస్సీల మీదుగా 2013లో నేథన్ లయన్‌కు వచ్చింది, అతను 2025లో అలెక్స్ కేరీకి అప్పగించాడు. కెప్టెన్ పదవిని బోర్డు ఇస్తుంది. ఈ పదవిని ముందటివాడు ఇస్తాడు. ఆ వరసలో నిలవడం ఆ దేశంలో ఆటగాళ్లకు ఎంత గొప్పో, వాళ్ల ఆత్మకథలు చదివినవారికి తెలుసు. మన పురుషుల జట్టులోనూ ఇటీవల అలాంటి మంచి అలవాటు ఒకటి వచ్చింది, దాని వెనక హైదరాబాద్ మనిషి ఉన్నాడు. ఫీల్డింగ్ కోచ్ టి. దిలీప్. 2023 ప్రపంచ కప్‌లో ప్రతి మ్యాచ్ తర్వాత ఆ రోజు బాగా ఫీల్డింగ్ చేసినవాడి మెడలో జట్టు తనకు తానే ఒక పతకం వేసుకుంది. మొదటిది కోహ్లీకి దక్కింది. సెంచరీకి, అయిదు వికెట్లకు బయటి ప్రపంచం చప్పట్లు కొడుతుంది. డీప్ మిడ్‌వికెట్‌లో ముప్ఫై గజాలు పరుగెత్తి ఒక్క పరుగు ఆపినవాణ్ణి ఎవరూ గుర్తుంచుకోరు. ఆ ఒక్క పరుగును గుర్తుంచుకునే చోటు డ్రెస్సింగ్ రూమ్ అయింది. పేరు ఎవరిదో ప్రకటించడానికి స్టేడియం పెద్ద తెరను వాడారు, స్పైడర్ కెమెరాను వాడారు, వీడియోలో టెండూల్కర్‌ను కూడా పిలిచారు. ఆటగాళ్లు చిన్నపిల్లల్లా ఎదురుచూశారు. ఇలాంటి పతకం మన ప్రతి జిల్లా జట్టులోనూ ఉండాలని నా కోరిక, దానికి ఖర్చు కూడా పెద్దగా కాదు.

ఇక మూడో అభ్యంతరం. గెలిచినవాళ్ల సంబరం ఓడినవాళ్ల పుండు మీద కారం చల్లడమే కదా. మనవాళ్లు ఎవరో చెప్పే ఏ వేడుకైనా మనవాళ్లు కానిదెవరో కూడా చెబుతుంది, ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంది. దీన్ని తోసిపుచ్చను. 2025 సెప్టెంబరులో దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్‌లో పాకిస్తాన్‌ను ఓడించిన మన జట్టు, హైదరాబాద్ కుర్రవాడు తిలక్ వర్మ 69 నాటౌట్‌తో గెలిపించిన జట్టు, వేదిక మీద ఉన్న ఆసియా క్రికెట్ కౌన్సిల్ అధ్యక్షుడి చేతి నుంచి కప్పు తీసుకోవడానికి నిరాకరించింది. ఆ టోర్నీలో రెండు జట్ల మధ్య కరచాలనాలూ లేవు. కప్పు లేకుండానే, ఉన్నట్టు ఊహించుకుని ఎత్తి చూపించి సంబరం చేసుకున్నారు. వేడుకకు కప్పు కూడా అక్కర్లేదని, చేతకే శక్తి ఉందని అది రుజువు చేసింది. ఆటలోకి రాజకీయం వచ్చి కూర్చున్నప్పుడు ఆ శక్తి ఎటు తిరుగుతుందో కూడా చూపించింది. ఆ నిర్ణయం సబబా కాదా అన్నది వేరే చర్చ. నేను చెప్పేది ఇది. ప్రత్యర్థిని కూడా తన వలయంలోకి తెచ్చుకున్న సంబరాలూ ఉన్నాయి, లోకం ఎక్కువకాలం గుర్తుంచుకునేది వాటినే. 2005లో ఎడ్జ్‌బాస్టన్‌లో ఇంగ్లండ్ రెండే రెండు పరుగులతో గెలిచిన క్షణంలో, తనవాళ్లంతా ఒక చోట గంతులేస్తుంటే ఆండ్రూ ఫ్లింటాఫ్ పిచ్ మీద కూలబడిన బ్రెట్ లీ దగ్గర ఒంగి చెయ్యి కలిపాడు. ఆ సిరీస్ గురించి ఎవరు రాసినా ఆ ఫొటో వేస్తారు. స్పెయిన్‌లో దాన్ని ఆచారంగానే మార్చుకున్నారు. లీగ్ అప్పటికే గెలుచుకున్న జట్టు మైదానంలోకి వస్తుంటే, ప్రత్యర్థి ఆటగాళ్లు రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొడతారు. 2008 మేలో బార్సిలోనా ఆటగాళ్లు రియల్ మాడ్రిడ్‌కు ఆ పని చేశారు, అదీ మాడ్రిడ్ సొంత మైదానంలో. ఆ రెండు ఊళ్ల మధ్య వైరం తెలిసినవారికి ఆ రెండు వరసల్లో నిలబడటం ఎంత కష్టమో అర్థమవుతుంది.

అన్నిటికంటే కఠినమైన ప్రశ్న బెంగళూరు వేసింది. దాన్ని వేగంగా దాటిపోవడం తప్పు. 2025 జూన్ 3 రాత్రి అహ్మదాబాద్‌లో రాయల్ చాలెంజర్స్ బెంగళూరు పద్దెనిమిదో సీజన్‌లో మొదటిసారి ఐపీఎల్ గెలిచింది. తెల్లవారి సాయంత్రానికే చిన్నస్వామి స్టేడియం దగ్గర సంబరం. ముప్ఫై అయిదు వేలమంది పట్టే చోటుకు లక్షల్లో జనం వచ్చారు. గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది చిన్న వయసువాళ్లు. బయట ఆ దారుణం జరిగాక కూడా లోపల కార్యక్రమం కాసేపు నడిచింది. దీన్ని చూసి, ఈ ఊరేగింపులూ సన్మానాలూ అసలు వద్దు, కప్పు గెలిచినవాళ్లు ఇంటికి పోతే చాలు అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోపం న్యాయమైనది. వాళ్ల పరిష్కారం మాత్రం సరైనదని అనుకోను. పద్దెనిమిదేళ్లు ఓడుతూనే ఉన్న జట్టును వదలకుండా పట్టుకున్న జనానికి ఆ గెలుపులో వాటా లేదా? ఉంది. నా వాదన ప్రకారం ఊరేగింపు అన్న ఆచారానికి ఉన్న ఒకే ఒక్క అర్థం ఆ వాటాను ఒప్పుకోవడం. జట్టు బస్సెక్కి వీధిలోకి రావడం, మీరు కూడా ఇందులో ఉన్నారని చెప్పడం. ఆ మాట చెప్పడానికి పిలిచినవాళ్లకు ముందుగా కావలసింది నిలబడటానికి చోటు, లోపలికి పోయే దారి, బయటికి వచ్చే దారి, ఎంతమంది వస్తారన్న అంచనా, చాలినంత వ్యవధి. అతిథి ఎంతమందో లెక్క చూసుకోకుండా పిలుపు పంపినవాడు అతిథిని గౌరవించినట్టు కాదు. బెంగళూరులో ఓడింది సంప్రదాయం కాదు. జనాన్ని వాటాదారులుగా పిలిచి, గుంపుగా చూశారు. ఒక రోజు ఆగితే, రెండు రోజులు ఆగితే గెలుపు పాతబడిపోతుందన్న తొందర ఎవరిది? జనానిది కాదు. పద్దెనిమిదేళ్లు ఆగినవాళ్లు వారం ఆగలేరా? ఆ తొందర ఫొటోల కోసం, వేదిక మీద కుర్చీల కోసం, సోషల్ మీడియాలో ముందుండటం కోసం. రేపు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇలాంటి సందర్భం వస్తే, ఊరేగింపు తేదీని పోలీసులూ వైద్యులూ అగ్నిమాపక సిబ్బందీ సరేనన్న తర్వాతే ప్రకటించాలి. అది ఉత్సాహం మీద నీళ్లు చల్లడం కాదు, ఆ ఆచారంలో మొదటి అంకం అదే.

వేదిక మీద కుర్చీల మాట వచ్చింది కనుక మన సన్మాన సభల గురించి కూడా చెప్పాలి. ప్రపంచ కప్ గెలిచిన మహిళల జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆమెకు రెండున్నర కోట్ల రూపాయలు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో ఇంటి స్థలం ప్రకటించింది. మంచి పని, ఆమెకు దక్కవలసిందే. అయితే మన దగ్గర ఏ క్రీడాకారుల సన్మానమైనా సాధారణంగా ఎలా సాగుతుందో మీరూ చూస్తుంటారు. శాలువా, పూలదండ, జ్ఞాపిక, పొడవాటి ఉపన్యాసాలు. ముందు వరసంతా పదవుల్లో ఉన్నవాళ్లే. ఆ పిల్లకు మొదటిసారి చేతికి బంతి ఇచ్చిన వ్యాయామ ఉపాధ్యాయుడు, పొద్దున్నే నెట్స్‌కు తీసుకెళ్లిన మేనమామ, పిచ్ చదును చేసిన మనిషి ఎక్కడో వెనక నిలబడతారు. ఆటగాళ్లు మైదానంలో స్కోరుకార్డు వదిలేసినవాళ్లను వెతికి ముందుకు తెస్తుంటే, మన సభలు వాళ్లనే మళ్లీ వెనక్కి నెడుతున్నాయి. ఉత్తర అమెరికా ఐస్ హాకీలో 1892లో లార్డ్ స్టాన్లీ ఇచ్చిన కప్పుంది. గెలిచిన జట్టు సభ్యుల పేర్లు, కోచ్‌లతో సామగ్రి చూసుకునే సిబ్బందితో సహా, దాని మీదే చెక్కుతారు. వేసవిలో ఒక్కొక్కరికీ ఆ కప్పును ఒక రోజు సొంత ఊరికి తీసుకుపోయే హక్కుంటుంది. మన రాష్ట్ర స్థాయి కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కప్పులకు ఈ పద్ధతి పెట్టడానికి ఏ అడ్డూ లేదు. కప్పు ఆ ఊరి బడిలో ఒక్కరోజు ఉంటే, ఆ పేరు ఆ ఊరి పిల్లలు వేలితో తడిమి చదివితే, అంతకు మించిన సన్మానం ఉండదు.

గెలుపులో వాటా ఉన్నవాళ్లను గుర్తుంచుకోవడం మన ఆటగాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి తొలి టెస్టు సెంచరీ చేశాడు. అర్ధశతకానికి పుష్ప సినిమా భంగిమ, శతకానికి మోకాళ్ల మీద కూర్చుని బ్యాట్‌కు హెల్మెట్ తగిలించి పైకి చూడటం. కొందరికి అది సినిమా వేషంలా అనిపించింది. కానీ హెల్మెట్ మీద జెండా ఉందని, తాను వందనం చేసింది దానికని అతనే తర్వాత చెప్పాడు. పుష్ప భంగిమ తెలుగువాళ్ల కోసం. గ్యాలరీలో కన్నీళ్లు పెట్టుకున్నది తండ్రి ముత్యాలరెడ్డి. ఒక్కడి వేడుకలో కూడా ఇంతమంది ఉన్నారు. అతను 99 మీద అవతలి ఎండ్‌లో చిక్కుకున్నప్పుడు కమిన్స్ వేసిన మూడు బంతులను అడ్డుకుని నిలబడినవాడు హైదరాబాద్‌కు చెందిన మహమ్మద్ సిరాజ్. సెంచరీ పడగానే తనకే వచ్చినట్టు అరిచాడు. ఆ మూడు బంతులకు అతని ఖాతాలో ఒక్క పరుగూ లేదు. అదే సిరాజ్ 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు ఆరు వికెట్లు తీసి శ్రీలంకను 50 పరుగులకే కూల్చాడు. ఆ టోర్నీ అంతా వాన. మైదానం సిబ్బంది పిచ్ మీద కవర్లు లాగడం, తీయడం, మళ్లీ లాగడం రోజూ జరిగింది. ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్ బహుమతిగా వచ్చిన అయిదు వేల డాలర్లు ఆ సిబ్బందికే ఇస్తున్నానని, వాళ్లు లేకపోతే ఈ టోర్నీయే జరిగేది కాదని సిరాజ్ వేదిక మీదే చెప్పాడు.